మూత లోపలి అరసున్న

పోయిన వారం నా చేతి గడియారం రోజుకు పది నిమిషాలు వెనకబడడం మొదలుపెట్టింది. బడి గంటే ముందుగా కొడుతున్నారనుకుని ప్యూనుతో రెండు రోజులు వాదన పెట్టుకున్నాను. లెక్కలు చెప్పేవాడికి తన గడియారం మీద ఉండే నమ్మకం అలాంటిది. తప్పు నాదేనని తేలాక, సాయంత్రం బడి వదలగానే మా నంద్యాలలో సంజీవనగర్ గేటు దగ్గరున్న చిన్న కొట్టుకు వెళ్ళాను. ఆ కొట్టు నడిపేది ముప్పై ఏళ్ళ అమ్మాయి. సెల్‌ఫోన్లకు అద్దాలు మారుస్తూ మధ్యమధ్యలో గడియారాలు కూడా చూస్తుంది. నా గడియారం అటూ ఇటూ తిప్పి, ఇంతకుముందు దీన్ని ఎవరు చూశారని అడిగింది. ఆళ్ళగడ్డ బస్టాండు ఎదురుగా మెట్ల కింద కూర్చునే పెద్దాయన అని చెప్పాను.

ఆమె కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ పెద్దాయన పోయినాడు గదా సార్. ఉగాదికి ముందర. పార్టులు తెచ్చిచ్చే ఆయన చెప్పినాడు."

తన ముందు రెండు ఫోన్లున్నాయని, అవి అయ్యేదాకా కూర్చోమని స్టూలు చూపించింది. కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ నా మనసు ఆళ్ళగడ్డలోనే ఉంది. ఆయన పేరేమిటో నాకు తెలియదు. నా పేరు ఆయన ఎన్నడూ అడగలేదు. నాకు ఆయన పెద్దయ్య, ఆయనకు నేను అయ్యోరు, అంతే. అయినా దగ్గరి బంధువు పోయిన కబురు విన్నట్టే అనిపించింది.

బట్టల దుకాణం మెట్ల కింద మనిషి నిటారుగా నిలబడలేనంత చోటు ఆయనది. ఒక బల్ల, బల్ల మీద అద్దాల పెట్టె, ఆ పెట్టెలోనూ వెనక గోడకూ గడియారాలు. ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ ఉండేవి. వాటి మధ్యలో కూర్చున్న మనిషిని ఎవరైనా టైమెంతయిందని అడిగితే తల ఎత్తకుండానే, బస్టాండులో పెద్ద గడియారం ఉంది, పోయి చూసుకోమనేవాడు. అదేమిటి పెద్దయ్యా, ఇన్ని పెట్టుకుని అని ఒకసారి నేనే అడిగాను. బాగుకొచ్చినవాటి మాట మీద బస్సు ఎక్కితే ఊరు చేరవు అన్నాడు. ఆయన చేతికీ ఒక గడియారం ఉండేది. దాని ముఖం మణికట్టు లోపలివైపు తిప్పి పెట్టుకునేవాడు, ఎదుటివాడికి కనిపిస్తే అడుగుతాడని.

ఏ గడియారం వచ్చినా అందరిలా చెవి దగ్గర పెట్టుకునేవాడు కాదు. ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. వాసన చూసి, మూత తీసి, లోపల చేరిన దుమ్మును బట్టి తెచ్చినవాడి సంగతంతా చెప్పేవాడు. పత్తి నూగు ఉంటే సేద్యం, సుద్దపొడి ఉంటే బడి, పసుపు ఉంటే వంట చేస్తూ గడియారం తీయని ఇల్లాలు. అన్నిటికన్నా ఆయనకు ఒళ్ళు మండేది రాతిపొడి కనిపించినప్పుడు. ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ళకు కొదవలేదు కదా. ఉలి పట్టేముందు గడియారం తీసి మేకుకు తగిలించండప్పా అంటే వినరు, దేవుడి ముక్కు చెక్కి ఆ పొడి తెచ్చి నా నెత్తిన పోస్తారు అని గొణిగేవాడు. గొణుగుతూనే ఆ పొడిని మెత్తటి బ్రష్షుతో ఎంత పదిలంగా తుడిచేవాడంటే, చూసేవాళ్ళకు అది కూడా విగ్రహంలో భాగమేమో అనిపించేది.

ఆయన దగ్గరికి నేను వెళ్ళింది నాలుగేళ్ళ కింద, మే నెలలో. అంతకు నాలుగు నెలల ముందు నాకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కాలు త్వరగానే లేచింది. చెయ్యి మాత్రం నాది కానట్టే ఉండిపోయింది. గ్లాసు పట్టుకోబోతే గ్లాసు జారేది, సుద్దముక్క పట్టుకుంటే అక్షరం బోర్డు మీద కొండ దిగినట్టు కిందికి జారిపోయేది. నేను లెక్కల అయ్యవారిని. బోర్డు మీద మెట్టు తర్వాత మెట్టు రాసి చూపించకపోతే నా చదువుకు విలువ లేదు. క్లాసులు వదిలేసి లైబ్రరీ చూసుకుంటే బాగుంటుందని హెడ్మాస్టరు మర్యాదగానే చెప్పాడు. బడి తెరిచేలోపు అర్జీ రాసివ్వమన్నాడు. రాయలేను కనుక టైపు చేయించి పెట్టుకున్నాను. ఇవ్వడానికి మాత్రం మనసు ఒప్పలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున మా నాయన గడియారం నా చేతి నుంచి జారి నీళ్ళ బకెట్లో పడింది. చావి ఇచ్చే పాత గడియారం. నాయన దొర్నిపాడులో సేద్యం చేసినన్నాళ్ళూ దాన్ని వదలలేదు. ఆయన పోయాక నేను పెట్టుకుంటున్నాను. నంద్యాలలో ఫోను తడిసినా ఏది తడిసినా జనం చేసే పనే నేనూ చేశాను. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాను. మూడో రోజు తీస్తే ముల్లు కదలడం లేదు. వేళ్ళతో చిన్నచిన్న పనులు చేస్తూ ఉండమని ఫిజియోథెరపీ డాక్టరు చెప్పింది కదా అని, ఆన్‌లైన్లో నలభై పనిముట్ల సెట్టు ఒకటి తెప్పించుకుని నేనే బాగుచేయబోయాను. మూత వెనక నాలుగు గీతలు పడ్డాయి తప్ప మూత రాలేదు. నాయన దాన్ని ఎప్పుడూ ఆళ్ళగడ్డలోనే చూపించేవాడని గుర్తొచ్చి, సెట్టునూ గడియారాన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కాను.

పెద్దాయన వాసన చూశాడు. నా మొహంలోకి చూశాడు.

"నంద్యాల బియ్యంలో పెట్టినావా అయ్యోరా?"

నేను అయ్యోరినని ఎలా తెలిసిందో అడిగితే నా చొక్కా జేబు చూపించాడు. అందులో సుద్దముక్క ఉంది. రాయకపోయినా జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి, ఏం చేస్తాం. మూత తీశాడు. తేమకు తడిసిన చక్రాల మీద మిల్లు బియ్యం తవుడు పిండిలా అంటుకుని ఉంది. మీ ఊరోళ్ళందరిదీ ఇదే రోగం, వానాకాలం వస్తే నాకు తవుడు తుడిచేదే పని అన్నాడు. ఆ తర్వాత మూతను వెలుతురుకు పట్టి, చాలాసేపు చూసి, ఇది దొర్నిపాడు గడియారం కదా అన్నాడు.

మూత లోపల నాకు చూపించాడు. గోటితో గీసినంత సన్నటి గీతలు, ఒకదాని కింద ఒకటి. ఒక్కోటి అరసున్న ఆకారంలో ఉంది, పక్కన సంవత్సరం. గడియారం బాగుచేసిన ప్రతిసారీ చేసినవాడు మూత లోపల తన గుర్తు గీకి పెట్టడం వాళ్ళ పనిలో ఆచారమట. మిగతావాళ్ళు పేరులో మొదటి అక్షరం పెట్టుకుంటారు, ఈయన మాత్రం అరసున్న. నిండు సున్న పెట్టేంత పని నేనింకా చేయలేదు, ఎట్లయినా అది మళ్ళీ నా దగ్గరికే రావల్ల కదా అన్నాడు. మా నాయన ఆయన ముందు కూర్చున్న రోజులన్నీ ఆ మూత లోపల వరసగా ఉన్నాయి. నేను తడబడుతున్న వేలితో వాటిని తాకబోతే చెయ్యి పక్కకు నెట్టాడు. చెమట తగిలితే చిలుము పడుతుందట.

ఆయన చెయ్యి నెట్టినప్పుడే నా చెయ్యి సంగతి గమనించాడు. ఎప్పుడయిందని అడిగాడు. చెప్పాను. అందరిలా అయ్యో అనలేదు. సంచిలో ఏముందో తీయమన్నాడు.

నలభై పనిముట్లూ బల్ల మీద పరిచాడు. ఒక్కోటీ తీసి చూడడం, ఎడమకో కుడికో వేయడం. స్క్రూడ్రైవర్ల మొనలు బొటనవేలి గోటి మీద నొక్కి చూశాడు. రెండు వంగిపోయాయి. చిమ్టా, అంటే సన్నటి పట్టకారును, వెలుతురుకు ఎత్తి దాని రెండు మొనలూ చివర్లో కలుస్తున్నాయా లేదా అని చూశాడు. మధ్యలో కలిసి చివర్లో విడిపోతే పారేయాలి. బ్రష్షును నా కంటి కింద రుద్దాడు, కుచ్చుకుందా అని. కుచ్చుకుంది. అది కుడి కుప్పలోకి పోయింది. మూత విప్పే పనిముట్లు నాలుగు ఉంటే నాలుగూ కుడికే వేశాడు. మూత తీయడం ఇంట్లో పని కాదు, నడుస్తున్న గడియారాన్ని అసలే తెరవకూడదు అన్నాడు. చివరికి ఎడమ కుప్పలో మూడే మిగిలాయి. గాలి ఊదే రబ్బరు బుడ్డి, చిన్న స్క్రూడ్రైవరు ఒకటి, బెల్టు పిన్ను తీసే పుల్ల.

"ఇవి గడియారం బాగుజేసేటివి. అవన్నీ చెడగొట్టేటివి" అని కుడి కుప్పను నా సంచిలోకి తోసేశాడు.

మిగిలినవి ఆయనే చెప్పాడు. ఉతికి ఉతికి మెత్తబడిన పంచె గుడ్డ ఒకటి. కంటి కింద కుచ్చుకోని బ్రష్షు ఒకటి. అంచున్న పళ్ళెం, అందులో తెల్ల గుడ్డ పరిచి దాని మీదే పని చేయాలి, పడింది పోకుండా. నోటితో ఎప్పుడూ ఊదకూడదు, నోటి గాలిలో తడి ఉంటుంది. నీళ్ళలో పడితే బియ్యంలో పెట్టకుండా, తుడిచి, ఆ పూటే తన దగ్గరికి తేవాలి. చిమ్టా మాత్రం తనదే ఒకటి తీసి నా కుడి చేతిలో పెట్టాడు. అది బల్ల మీద పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. నాకు సిగ్గుతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి పోయింది పెద్దయ్యా అన్నాను.

"యాడికి పోయింది? ఈడనే ఉండాది గదా" అన్నాడు, పక్కన పెట్టిన స్క్రూడ్రైవరు గురించి చెప్పినట్టే.

గడియారం తన దగ్గరే ఉంచుకున్నాడు. చిమ్టా ఇచ్చి పంపాడు. ఇంట్లో ఒక పళ్ళెంలో నూకలు పోసుకుని, ఒక్కో నూకను ఎత్తి ఇంకో పళ్ళెంలో వేయాలి. మీ ఊరి బియ్యమే నీ గడియారం చెడగొట్టింది, అదే నీ చెయ్యి బాగుచేయనీ అన్నాడు. మా ఆవిడ నన్ను చూసి, బియ్యం ఏరే పని ఇన్నాళ్ళకు ఇంట్లో ఒకరు నేర్చుకున్నారని ఎగతాళి చేసింది. చేస్తూనే నూకలు తెచ్చి పోసేది. మొదటి రోజు ఎత్తినవి పదకొండు. లెక్కల అయ్యవారిని కదా, రోజూ లెక్కపెట్టుకున్నాను.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన రెండు సంగతులు నేర్పాడు. చిటికెన వేలును బల్లకు ఆనించాలి, అప్పుడు మిగతా వేళ్ళకు ధైర్యం వస్తుంది. లోపలున్న ఊపిరి పూర్తిగా బయటికి పోయాక, మళ్ళీ పీల్చేలోపు ఉన్న ఆ కాస్త నిమ్మళంలోనే చెయ్యి కదిలించాలి. ఆయనకీ చేతులు వణికేవని నేను గమనించింది ఆ రోజే. టీ గ్లాసు ఎత్తితే వణికేవి. చిటికెన వేలు ఆనించి ఊపిరి వదిలాడంటే మాత్రం ఆ చెయ్యి రాయిలా నిలిచేది. ఇన్నేళ్ళూ వణుకుతూనే పనిచేస్తున్నారా అని అడిగితే, వణుకుడు దాని పని అది చేసుకుంటుంది, నా పని నేను చేసుకుంటాను అన్నాడు.

ఆ రోజే ఇంకొకటి చూశాను. విగ్రహాలు చెక్కే ఆయన ఒకడు గడియారం తెచ్చాడు. పెద్దాయన మూత తీసి, లోపల ఒకసారి చూసి, గాలి కొట్టి మళ్ళీ మూత పెట్టేశాడు. గుర్తు గీకలేదేమని అడిగాను.

"నేనేం జేసినానని గీకేది? ఎవుడు జేస్తే వాని గుర్తే పెట్టల్ల అయ్యోరా. జెయ్యని పనికి గుర్తు పెడితే దొంగతనం."

మూడోసారి వెళ్ళేటప్పటికి బడి తెరవడానికి వారం ఉంది. టైపు చేయించిన అర్జీ జేబులోనే ఉంది, ఆళ్ళగడ్డ నుంచి రాగానే హెడ్మాస్టరు ఇంట్లో ఇచ్చేద్దామని. పెద్దాయన నా గడియారాన్ని విప్పి, తవుడంతా కడిగి, మళ్ళీ కూర్చి పెట్టి ఉన్నాడు. చక్రాల మీద ఉండే రేకు, దాన్ని బ్రిడ్జి అంటారు, దాని మూల ఒక మర మాత్రం బిగించకుండా వదిలేశాడు. ఆవగింజలో సగం కూడా ఉండదు. నీ గడియారం నువ్వే బిగించుకో అన్నాడు.

ఆ పొద్దుటి గురించి ఎక్కువ చెప్పలేను. మర ఎన్నిసార్లు పళ్ళెంలో పడిందో లెక్కపెట్టలేదు. చిమ్టాతో ఎత్తుతాను, దాని చోటుకు తెస్తాను, చెయ్యి ఎగురుతుంది. ఆయన నన్ను చూడడం మానేసి వేరే గడియారం ముందేసుకున్నాడు. ఎండ మెట్ల కిందికి వచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. చిటికెన వేలు ఆనించాను. ఊపిరి వదిలాను. ఎప్పుడో ఒకసారి మర దాని గుంతలో నిలబడింది. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాను. తిరిగింది. బిగిసిందో లేదో తెలియలేదు, ఇంకా తిప్పడానికి భయమేసింది.

ఆయన భూతద్దం పెట్టుకుని చూశాడు. పోయి టీ తాగి రాపో అన్నాడు. నేను తాగి వచ్చేసరికి మూత బిగించేసి ఉంది, గడియారం నడుస్తోంది. నా చేతికి ఆయనే తొడిగాడు.

బస్సు ఆళ్ళగడ్డ దాటకముందే నాలో అనుమానం మొదలైంది. నన్ను టీకి పంపించి ఆ మరను ఆయనే తీసి మళ్ళీ బిగించి ఉంటాడు. పనితనం మీద అంత పట్టింపు ఉన్న మనిషి, నా వణుకుడు చేతి పనిని అలాగే వదిలేస్తాడా? నా మనసు నొప్పించకుండా అలా చేసి ఉంటాడు. అయినా ఎందుకో ఆ సాయంత్రం హెడ్మాస్టరు ఇంటికి వెళ్ళలేదు. బడి తెరిచిన రోజు బోర్డు ముందు నిలబడి, చిటికెన వేలు బోర్డుకు ఆనించి, ఊపిరి వదిలి, ఒక సమీకరణం రాశాను. వంకరే, కానీ కిందికి జారలేదు. పిల్లలకు అర్థమైంది. అర్జీని మధ్యాహ్నం చించేశాను.

అప్పటి నుంచి క్లాసులు చెబుతూనే ఉన్నాను. నెలకోసారి పళ్ళెంలో తెల్ల గుడ్డ పరిచి, గడియారం బెల్టు విప్పి, సందుల్లోని సుద్దపొడిని బ్రష్షుతో తుడిచి, బుడ్డితో గాలి కొట్టుకుంటాను. మూత జోలికి పోలేదు, ఆయన మాట తప్పలేదు. కానీ చెయ్యి మొండికేసిన రోజుల్లో, పిల్లలు నా అక్షరాలు చదవలేక ఒకరి మొహం ఒకరు చూసుకున్న రోజుల్లో, ఆ అనుమానం వచ్చి కూర్చునేది. ఆ మర నువ్వు బిగించింది కాదులే, జాలిపడి ఆయన బిగించాడు, నీ ధైర్యమంతా అరువు తెచ్చుకున్నదే అని. ఒకసారి దొర్నిపాడు పోతూ ఆళ్ళగడ్డలో దిగి డొంకతిరుగుడుగా అడిగి చూశాను కూడా. గడియారం నడుస్తాండాదా లేదా, నడుస్తాంటే మళ్ళీ యాల అడుగుతాండావ్ అని నన్ను పంపించేశాడు. ఆయన్ని చూడడం అదే చివరిసారి. ఇంకోసారి దిగి ఉంటే బాగుండేది.

"సార్, మీదే" అంది కొట్టు అమ్మాయి.

మూత తీసింది. భూతద్దం పెట్టుకుని మొదట మూత లోపలే చూసింది. ఆయన గుర్తు చాలా గడియారాల్లో చూశానని, ఇన్ని వరసలు మాత్రం ఎక్కడా చూడలేదని చెప్పింది. అరసున్నలు ఒక్కోటీ లెక్కపెడుతూ కిందికి వచ్చి ఆగింది.

"కడాకు అరసున్న లేదు సార్. ఏందో రాసినాడు." మూతను దీపం వైపు తిప్పింది. "అయ్యోరు... అని ఉండాది. ఎవురు సార్, ఈ అయ్యోరు?"

భూతద్దం అడిగి తీసుకుని నేనూ చూశాను. నాలుగేళ్ళ కిందటి సంవత్సరం, దాని పక్కన ఆయన సన్నటి గీతలతో, వణుకు లేని చేతిరాత. గడియారమంతా కడిగి కూర్చిన మనిషి తన అరసున్న పెట్టుకోలేదు. చేసినవాడి గుర్తే పెట్టాడు. నేను ఏడ్చాను, ఆ అమ్మాయి ముందే. ఆమె కంగారుపడి నీళ్ళ సీసా ఇచ్చింది.

కాస్త తేరుకుని, లోపల బ్రిడ్జి మూల ఒక మర ఉంటుంది, అది వదులైందేమో చూడమ్మా అన్నాను. ఆమె చిటికెన వేలు బల్లకు ఆనించి, స్క్రూడ్రైవరు మొన దాని మీద పెట్టి మెల్లగా కదిపి చూసింది.

"నూనె ఎండిపోయింది గానీ, మర బిగువుగానే ఉండాది సార్. రవ్వంత గూడా కదల్లే."